మూతబండ చూసిన వెలుగు

పిలిచినప్పుడు గిరిజ విన్నదా, లేదా? ఈ అనుమానాన్ని బసవలింగం పదిహేడేళ్ళుగా లోపలే మోస్తున్నాడు.

శవాన్ని మోసుకుపోయేవాళ్ళు దారి మధ్యలో ఒకచోట దింపి, దగ్గరివాళ్ళ చేత చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిపిస్తారు. దింపుడు కళ్ళం అంటారు దాన్ని. ప్రాణం ఏ కొసనన్నా ఉంటే పలుకుతుందని ఆశ. గిరిజకు పాడె కట్టలేదు. నాలుగేళ్ళ పిల్ల. జ్వరం ముదిరి, ఫిట్సు వచ్చి, చివరికి కదలిక లేకుండా పడిపోతే ఊరి డాక్టరు నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. తండ్రి బసవలింగమే రెండు చేతుల మీద ఎత్తుకుని పొలానికి నడిచాడు. దారిలో తుమ్మచెట్టు దగ్గర దుప్పటి పరిచి పడుకోబెట్టాడు. ఒకసారి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచి లేవబోతుంటే చెంపకు వెచ్చగా ఏదో తగిలింది.

మూడో పిలుపు అయ్యాక పిలిచినవాడు మొహం చూడకూడదని వాళ్ళ ఇంటి ఆచారం. చూస్తే పోయేవాళ్ళు పోలేక కట్టుబడిపోతారట. బసవలింగం తల తిప్పుకునే, పక్కనున్న పెదనాన్నతో ఊపిరి తగిలినట్టుంది అన్నాడు.

"ఎండగాలిరా," అన్నాడు పెద్దాయన. "బిడ్డను పోగొట్టుకున్నోనికి అట్లనే అనిపిస్తది. లే. పొద్దుగూకక ముందే కానియ్యాలె."

బసవలింగం లేచాడు. చూడలేదు.

ఆ తరువాత రోజూ తెల్లవారి స్నానం చేసి, మెడలోని లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని పూజకు కూర్చున్నప్పుడు, విభూతి పెట్టి, బిల్వపత్రం పెట్టి, చివర కళ్ళు మూసుకుని ఆ ఒక్క ప్రశ్నే అడిగేవాడు. శివుడు పలకలేదు. పలకనందుకు దేవుణ్ణి తప్పు పట్టలేదు. తనకే వినబడడం లేదేమో అనుకునేవాడు.

కృష్ణ ఒడ్డున గుండ్లగడ్డలో అతని పొలం సగానికి సగం రాళ్ళే. మనిషికి రెండింతల ఎత్తు నిలువురాళ్ళు చేలో అక్కడక్కడా నిలబడి ఉంటాయి. వాటి నడుమ బండరాళ్ళు పేర్చిన పెద్ద వలయం. ఇటు అంచున నిలబడి కేకేస్తే అటు అంచున ఉన్నవాడికి మాట అందదు, అరుపే అందుతుంది. ఊళ్ళో రాకాసి గుండ్లంటారు. మూడువేల ఏళ్ళ కిందటి మనుషుల సమాధులని చదువుకున్నవాళ్ళు అంటారు. ఎవరేమన్నా, ఏరువాకనాడు ఆడవాళ్ళు వచ్చి వలయం మధ్యలో ఉన్న పెద్ద మూతబండకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నాగలి కట్టించేవారు. బసవలింగం కూడా రాళ్ళను తప్పించి కంది వేసుకునేవాడే తప్ప ఒక్క రాయినీ కదిలించలేదు.

దీపావళి పోయాక హైదరాబాదులోని ఒక పరిశోధనశాల నుంచి డాక్టర్ సౌదామిని వచ్చింది. నలభై దాటిన మనిషి. ఎండకు తలకు తువ్వాలు చుట్టుకుని, చెప్పులు చేతబట్టుకుని వలయమంతా తిరిగింది. బసవలింగం వెంట నడిచి చూపించాడు. ఏ రాయి ఎటు ఒరిగిందో, ఏ బండ కింద పాములుంటాయో చెప్పాడు. చెప్పులెందుకు విడిచారని అడిగితే, సమాధుల మధ్య నడుస్తున్నాం కదండీ అంది. ఆ మాటతో ఆమె అతనికి నచ్చింది. పశువుల కొట్టం ఖాళీ చేసి ఇచ్చాడు. ఆమె, యంత్రం నడిపే ఫయాజ్, ఒక వ్యాను. అంతే బలగం.

ఏం చేస్తారమ్మా ఈ రాళ్ళతో అని అడిగిన రోజున ఆమె గట్టు మీద చాన్నాళ్ళుగా పడి ఉన్న పలుగురాయిని పక్కకు దొర్లించింది. కింద గడ్డి పాలిపోయి తెల్లగా ఉంది. చుట్టూ పచ్చగా ఉంది.

"ఎండ ఎక్కడిదాకా పడిందో గడ్డి చెప్తోంది చూశారా," అంది. "రాయీ చెప్తుంది బసవలింగం గారూ. రాతిలోని ఇసుక రేణువులు చివరిసారి చూసిన వెలుగును పట్టుకుని ఉంటాయి. మళ్ళీ వెలుగు పడనంతకాలం విడవవు. ఏ రేణువుకు ఎటునుంచి ఎంత వెలుగు తగిలిందో మా యంత్రం లెక్కగట్టి బొమ్మ కడుతుంది. మూతబండ అడుగువైపు చదివితే, మూసేటప్పుడు లోపల ఏముందో కనబడుతుంది. సమాధి తవ్వే పని లేదు."

"ఎన్నిసార్లయినా చూడొచ్చునా?"

"ఒక్కసారే. చదివితే చెరిగిపోతుంది."

ఆ యంత్రం చూడ్డానికి చాకలివాళ్ళ ఇస్త్రీపెట్టెలా ఉండేది. నల్ల టార్పాలిన్ గుడారంలో, గుడ్డి ఎర్రలైటు వెలుతురులో, ఫయాజ్ దాన్ని రాతి మీద అంగుళం అంగుళం జరిపేవాడు. ఊరివాళ్ళు మేడం ఇస్త్రీపెట్టె అని పేరు పెట్టారు. శివలీల సద్దిరొట్టెలు పంపితే ఫయాజ్ తిని, గిన్నె తిరిగివ్వడానికి వాకిట్లోకి వచ్చి, అక్కా, మీ ఆయన చొక్కా పంపు, మూడువేల ఏళ్ళ మడతలు కూడా పోగొడతా అని నవ్వించేవాడు. శివలీల బసవలింగం భార్య. నవ్వు వినబడడం ఆ యింటికి కొత్త.

ముందు చిన్న బండలు చదివారు. తెర మీద ఒక్కో గీతగా బొమ్మ దిగేది. కుండలు, ఇనుప కత్తి, మోకాళ్ళు ముడుచుకుని పక్కకు పడుకున్న మనిషి. సూదితో గీసినంత స్పష్టంగా ఉండేవి. చూడ్డానికి పిలిచినప్పుడు బసవలింగం చేతులు జోడించుకుని చూసేవాడు. ఎవరి బిడ్డలో, ఎవరి తండ్రులో.

తరువాత మధ్యలోని పెద్ద మూతబండ వంతు వచ్చింది. గొలుసులు వేసి, పైన టార్పాలిన్ కప్పి, వెలుగు దూరకుండా ఎత్తడానికే పొద్దంతా పట్టింది. బొమ్మ దిగుతుంటే బసవలింగం అక్కడే ఉన్నాడు. ఒక మూల కుండలు దిగాయి, స్పష్టంగా. నేల మీద పరిచిన ఆకుల ఈనెలు కూడా కనబడ్డాయి. మధ్యలో మనిషి ఉండాల్సిన చోట పొగ ఉంది. కాళ్ళ దగ్గర కాస్త ఆకారం, పైకి వచ్చేకొద్దీ అలుక్కుపోయిన మరక. ఆ మరక నుంచి ఒక చార పైకి, మూతవైపు లేచి ఉంది.

ఫయాజ్ యంత్రాన్ని తిట్టాడు. దుమ్ము పడిందన్నాడు. సౌదామిని మాత్రం తెరకు దగ్గరగా వంగి కుండల బొమ్మ చూసింది.

"దుమ్మయితే కుండలు కూడా చెడాలి," అంది. "కదిలింది మనిషే. కానీ మూత పడితే చీకటే కదా. చీకట్లో కదిలితే రాయికెలా తెలుస్తుంది?"

దాని సంగతి తేల్చుకోవడానికే మరునాడు ఆ ఒక్క గూడులోకి దిగారు. మూలన అరచేయంత మట్టి ప్రమిద దొరికింది. అంచున మసి ఇంకా అంటుకుని ఉంది. సౌదామిని దాన్ని దూదిలో పెట్టుకుని పైకి తెచ్చి బసవలింగానికి చూపించింది.

"లోపల దీపం వెలిగించి మూసేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా?"

"మేం పెడ్తం మేడం," అన్నాడతను. "మాది పూడ్చే కులం గద. గుంట తీసి, గుంట గోడకు గూడు తొలిచి, అందులో కూసోబెడ్తం. ఎడమచేతిల లింగం పెడ్తం. ముందల దీపం పెట్టి, గూటికి షాబాదు బండ అడ్డం నిలబెట్టి, అప్పుడు మన్ను పోస్తం. చీకట్ల పంపగూడదని..."

చెప్తూ చెప్తూ ఆగిపోయాడు. సౌదామిని అతని మొహంలోకి చూసింది. ఆమెకు అర్థమైంది తన ప్రమిద సంగతే: మూత పడ్డాక కూడా దీపం ఆరేదాకా రాయి చూస్తూనే ఉంది. కదలనివన్నీ స్పష్టంగా దిగాయి. కదిలింది అలుక్కుపోయింది. ఆ మనిషిని ప్రాణంతో పెట్టారు. తెలిసి పెట్టారో, తెలియక పెట్టారో రాయి చెప్పలేదు.

మాట ఊళ్ళోకి ఎట్లా పాకిందో గానీ, పాకింది. అమ్మవారనుకుని పసుపు రాసిన బండ కింద ఎవరో మూత మీద చెయ్యేసి పైకి తోశారని తెలిశాక ఆడవాళ్ళు ఆ దారిన కూలికి రావడం మానేశారు. ఒక ముసలామె వచ్చి సౌదామిని మీద మన్నెత్తి పోసింది. నువ్వు చూడకపోతే మా తల్లి మంచిగ ఉండు గదా అని ఏడ్చింది. సౌదామిని తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఆమెను చెయ్యి పట్టి గట్టు దాకా దింపివచ్చింది. ఆమె కంచంలో రొట్టె ఆ పూట అట్లాగే ఉండిపోయింది.

పరిశోధనశాలలోని పైవాళ్ళు కూడా నమ్మలేదు. యంత్రం తప్పు కావచ్చు గదా, దీపం మిణుకుమంటే బొమ్మ చెదరదని రుజువేమిటి అన్నారు. లోపల దీపం పెట్టి మూసిన సమాధి ఇంకొకటి కావాలి, కదలని మనిషిది. ఆ బొమ్మ స్పష్టంగా వస్తే ఈ మసక నిజమౌతుంది. లేకపోతే పని ఆపమన్నారు. సౌదామిని ఈ సంగతి ఫయాజ్‌తో అంటుంటే బసవలింగం విన్నాడు. పొలం మూలన, చిన్న రాతిలింగం నిలిపిన గిరిజ సమాధి ఆమె రోజూ చూసేదే. ఒక్కనాడూ దాని మాట ఎత్తలేదు.

అతనే ఎత్తాడు. కదలకపోతే బొమ్మ సాఫుగా వస్తుందా అని అడిగాడు. రావాలి అంది. అయితే మా బిడ్డ బండ చూడండి అన్నాడు.

ఆమె ఒప్పుకోలేదు. తన పని ఆగితే ఆగనీ, పసిబిడ్డ సమాధి విప్పించి పేపరు రాసుకోలేనంది. అతను మళ్ళీ మళ్ళీ వచ్చి అడిగాడు. చివరికి ఆమె అతన్ని గట్టు మీద కూర్చోబెట్టింది.

"బసవలింగం గారూ, ఇది నా కోసం కాదు కదా. మీకేదో కావాలి. అదేమిటో నేనడగను. కానీ ఒకటి చెప్తున్నా. చూసినదాన్ని వెనక్కిచ్చెయ్యడానికి నా దగ్గర యంత్రం లేదు."

"తెల్వకుండ బతికి చూసిన మేడం," అన్నాడు. "అది గూడ బతుకు కాదు."

శివలీలకు చెప్పక తప్పలేదు. రొట్టెలు చేస్తున్న మనిషి దగ్గర కూర్చుని, మేడం పనికి మన బిడ్డ బండ అవసరమైందని, దాని మీద బిడ్డ రూపం ఉంటుందని మాత్రం చెప్పాడు. చెంపకు తగిలిన వెచ్చదనం సంగతి ఎన్నడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. మసక అంటే ఏమిటో కూడా చెప్పలేదు. ఆమె కొట్టానికి పోయేది కాదు, ఊళ్ళో అనుకునే మాటల్ని ఇంట్లోకి రానిచ్చేది కాదు.

శివలీల పిండి తట్టడం ఆపింది.

"రూపమంటే? మొహం కనబడ్తదా?"

"కనబడ్తదంట."

"అయితే నేనొస్త."

ఆడవాళ్ళు రాకూడదంటారేమోనని అతను నసిగాడు. ఆమె గొంతు పెంచలేదు. పెనం మీద రొట్టె తిరగేసి చెప్పింది.

"ఆనాడు వాకిట్ల నేను మీదపడి ఏడుస్తుంటే ఏమన్నవు? మూసే ముందర మనిషిని పంపుత, వచ్చి మొహం చూసుకో అన్నవు. నేను పొద్దుగూకేదాంక గుమ్మంల నిలబడ్డ. మీరందరు తానాలు జేసి వచ్చిన్రు. ఎందుకు పిలువలేదని ఒక్కనాడన్న అడిగిన్నా?"

అడగలేదు. పెదనాన్న తొందరలో ఆ మాట గాలికి పోయింది.

"మాట బాకీ ఉన్నవు నాకు," అంది శివలీల. "సమాధి ఇప్పుతవో ఇప్పవో నీ ఇష్టం. ఇప్పితే మాత్రం నేను జూడకుండ ఒక్కరు జూడొద్దు."

సోమవారం వద్దనుకుని, మంగళవారం పొద్దున విప్పారు. ముందు బసవలింగం సమాధి మీది లింగానికి నీళ్ళు పోసి, తప్పయితే నాదే, బిడ్డది కాదు అని మొక్కుకున్నాడు. మీద గుడారం కప్పి, తవ్వినదంతా అతనే తవ్వాడు. బండ దొరికాక ఫయాజ్, అతను కలిసి దాన్ని నల్లగుడ్డలో చుట్టి పైకి తీశారు. గూటిలోకి ఎవరూ తొంగిచూడలేదు. అడ్డంగా వేరే బండ పెట్టేశారు. శివలీల తడిబట్టతో, నుదుట విభూతితో, గుడారం మూలన నేల మీద కూర్చుంది.

ఎర్రలైటు వెలుతురులో ఇస్త్రీపెట్టె కదిలింది.

ముందు గూడు అంచు దిగింది. పలుగు దెబ్బల గాట్లు లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉన్నాయి. అవి తను తవ్విన గాట్లే. బసవలింగానికి ఊపిరాడింది. తరువాత ఒక పక్కన చల్లిన బిల్వపత్రాలు, ఆకు ఆకుగా. పట్టులంగా అంచు. మోకాలు. మోకాలి మీద వెల్లకిలా పెట్టిన చిన్న ఎడమ అరచెయ్యి, అందులో లింగం, లింగం మీద తను పెట్టిన విభూతి రేఖలు. అన్నీ సాఫుగా ఉన్నాయి. శివా అనుకున్నాడు. ఫయాజ్ కూడా తల ఊపాడు. సౌదామిని ఒక చెయ్యి బల్ల అంచున పెట్టుకుని నిలబడి ఉంది.

ఇంకో నాలుగు గీతలు దిగాయి. కుడిచెయ్యి ఒళ్ళో ఉండాలి. తనే పెట్టాడు. ఒళ్ళో లేదు. ఒడి నుంచి బండవైపుకు సన్నటి పొగలాంటి చార.

తరువాత మొహం దిగింది. ఒక మొహం కాదు, ఒకదాని మీద ఒకటి అలుముకున్న ఎన్నో మొహాలు. ఒక పక్కకు, ఇంకో పక్కకు, పైకి. కళ్ళు ఎక్కడున్నాయో తెలియదు. చుట్టూ గూడు గోడ మీద పలుగు గాట్లు మాత్రం సూదితో గీసినట్టు ఉన్నాయి.

ఇస్త్రీపెట్టె అంచు దాకా పోయి ఆగింది. సౌదామిని మెల్లగా అతని పక్కకు వచ్చింది.

"దీపం మిణుకుమని ఉండొచ్చు," అంది. "లేదంటే పొగ. వాళ్ళన్నట్టు యంత్రమే..."

"చేతిల లింగం సాఫుగ ఉన్నది గద మేడం," అన్నాడు బసవలింగం.



శివలీల లేచి వచ్చింది. తెరకు దగ్గరగా మొహం పెట్టి చూసింది. చెయ్యి చాపి ఆ మసక మీద తాకీ తాకనట్టు పెట్టింది. ఆమె గొంతులోంచి వచ్చింది ఏడుపని ఫయాజ్ అనుకున్నాడు. నవ్వు.

"చూడయ్యా," అంది భర్తతో. "జాతరల ఫొటో దించేటాయన ఎంత మొత్తుకున్నడు, కదలకు బిడ్డా, కదలకు బిడ్డా అని. నిలబడిందా? ఫొటోల మొహమే లేకపాయె. ఇప్పుడు గూడ గట్లనే చేసింది. ఉన్నకాడ ఉండదు."

ఎర్రటి చీకట్లో ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. నవ్వుతూనే ఉంది. గుడారంలో తక్కిన ముగ్గురిలో ఒక్కరూ ఆమె వైపు చూడలేకపోయారు.

"మేడం, ఇది నాకొకటి కాయితం మీద తీసియ్యరాదూ? గోడకు పెట్టుకుంట."

సౌదామిని బసవలింగం వైపు చూసింది. వద్దని చెప్పొచ్చు. యంత్రం పాడైంది, చెరిగిపోయింది అనొచ్చు. వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఆ ఎందుకుకు జవాబు ఈ లోకంలో శివలీలకు తెలియని ఒకే ఒక్క సంగతి.

"తీసియ్యండి మేడం," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే అతను బండను తిరిగి గూటికి నిలబెట్టి మన్ను పోశాడు. పోస్తున్నప్పుడు పార చప్పుడు కాకుండా, దోసిళ్ళతో పోశాడు. బండ లోపలివైపు ఇక ఏ బొమ్మా లేదు. మామూలు షాబాదు బండ.

పోల్చి చూడ్డానికి ఇంకో సమాధి దొరకలేదని సౌదామిని పైవాళ్ళకు రాసింది. పని ఆపమన్నారు. పెద్ద మూతబండను దాని చోట దించి, గొలుసులు విప్పి, వ్యాను ఎక్కేముందు ఆమె బసవలింగానికి రెండు చేతులూ జోడించింది. అతనూ జోడించాడు.  ఊరి దాకా వ్యానులో తోడు వెళ్ళి, దిగి నడిచి వచ్చాడు.

తరువాత కొన్నాళ్ళకు ఫయాజ్ పటం కట్టించి తెచ్చాడు. ఈసారి చొక్కాలు, మడతలు అని ఏమీ అనలేదు. శివలీల పెట్టిన రొట్టె తలవంచుకుని తిని వెళ్ళిపోయాడు. పటం పెట్టడానికి ఆమె ఇల్లంతా చూసి, చివరికి దేవుడి గదిలో, బసవలింగం పూజకు కూర్చునే పీటకు ఎదురుగా చోటు చూపించింది. అతనే మేకు కొట్టాడు.

పొద్దున స్నానం చేసి కూర్చున్నాడు. లింగాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. విభూతి పెట్టాడు, పత్రి పెట్టాడు. కళ్ళు మూసుకోబోయి ఆగాడు. రోజూ అడిగే ప్రశ్న నోటిదాకా వచ్చి, అడగడానికి అందులో ఏమీ మిగలక, వెనక్కి పోయింది. ఇన్నాళ్ళూ శివుడు పలకకపోవడం దయేనేమో అనిపించింది. దయ అయితే ఇప్పుడెందుకు పలికాడు? అదీ అడగలేదు. కళ్ళు తెరిచే కూర్చున్నాడు. మూసుకుంటే చీకటి, చీకట్లో దీపం.

శివలీల విభూతి పళ్ళెంతో వచ్చింది. పటం ముందు నిలబడి వేలు ముంచింది. వేలు గాజు దగ్గరికి తీసుకుపోయి, అటు జరిపి, ఇటు జరిపి, తేల్చుకోలేక ఆగిపోయింది.

"ఏమయ్యా, నొసలు యాడున్నది? నాకు తెలుస్తలేదు. ఆనాడు కూసోబెట్టినోనివి నువ్వే గద. చూపెట్టు."

బసవలింగం లేచాడు. ఆమె చెయ్యి పట్టుకుని, తను ఆ రోజు గిరిజ తలను గోడకు ఆనించిన చోటు వెతికాడు. మసకలో అది అన్నిటికంటే అడుగున, కాస్త ఎడమకు ఉంది. ఆమె వేలిని అక్కడ ఆనించాడు. శివలీల మూడు రేఖలు దిద్దింది. దిద్ది, వెనక్కి జరిగి, తలవంచి మొక్కుకుంది.

"మొహం జూపిస్తనని పోతివి ఆనాడు," అంది పళ్ళెం తీసుకుంటూ. "చూసిన. ఇగ నాకు నువ్వేం బాకీ లేవు."

చెంగుతో చెయ్యి తుడుచుకుని పొయ్యి దగ్గరికి పోయింది.